అందరికీ ఒకే వంట

పోయిన వారం ఎమ్మిగనూరులో మా అత్త చనిపోయింది. మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నదట. అలాగే ప్రాణం పోయింది. కబురు తెచ్చిన మరిది, "ఎవురితోనూ సేవ చేపిచ్చుకోలేదు వదినా" అన్నాడు.

డెబ్బైల చివర్లో మేము ఆదోనిలో ఉండేవాళ్లం. మా ఆయనకు జిన్నింగు మిల్లులో పని. రెండో కాన్పు తర్వాత నేను బాగా లావయ్యాను. బిందె ఎత్తితే ఆయాసం. బీపీ ఉంది, బరువు తగ్గాల్సిందేనని డాక్టరు చెప్పాడు. భయపడి పొద్దున, మధ్యాహ్నం తిండి మానేశాను. సాయంత్రానికి ఆగలేక, పిల్లలు వదిలేసిన అన్నం, హోటలు నుంచి తెప్పించిన బొరుగుల ఉగ్గాని, బజ్జీలు, ఏది దొరికితే అది తినేదాన్ని. ఒకరోజు కొళాయి దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. చంకలో పసిబిడ్డ. పక్కింటామె అందుకోబట్టి బిడ్డకు దెబ్బ తగల్లేదు.

సంగతి తెలిసి అత్త బస్సెక్కి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నేను చెప్పిందంతా విని, "పొద్దున కట్టేసిన ఆకలి సాయంత్రం తాడు తెంపుకుంటాది పాపా. మూడు పూట్లా కూసోని తిను" అన్నది.

జొన్నరొట్టె, రొట్టె కన్నా ఎక్కువగా ఆకుకూర, పలచటి మజ్జిగ. వరి అన్నం మధ్యాహ్నం మాత్రమే, అదీ కొద్దిగా. దీపాలు పెట్టకముందే రాత్రి భోజనం. పిల్లల కంచంలో మిగిలింది నోట్లో వేసుకోబోతే చెయ్యి పట్టుకున్నది.

"మిగిలిందంతా పోసేదానికి నీ కడుపేమన్నా కుడితితొట్టా?"

మా ఆయనకు ఇది నచ్చలేదు. "నాకేం రోగం మా? నాకు అన్నమే వండమను" అని వాళ్లమ్మతో అన్నాడు.

"రెండు వంటలు చేస్తే ఆ పిల్ల రెండూ రుచి చూస్తాది. ఒక్కతే పత్యం తినమంటే ఎన్నాళ్లు తింటాది? నువ్వూ ఇదే తిను నాయనా."

ఆయన ముఖం ముడుచుకునే తిన్నాడు. తర్వాత్తర్వాత ఆయనే రొట్టె అడగసాగాడు.

బజ్జీ అంటే అత్తకూ ప్రాణమే. ఆదివారం ఉగ్గాని, బజ్జీ తనే చేసేది. ఒక్క బజ్జీని తుంచి తుంచి ఎంతోసేపు తినేది. ఇంకోటి వేసుకోమంటే, "కడుపు నిండినంక ఇంగొకటి శానా బాగుంటాది. అదే చెడుపు" అనేది.

బరువు వెంటనే తగ్గలేదు. నేను ఏడిస్తే, "వచ్చేదానికి ఏండ్లు పట్టె. పోయేదానికీ పట్టనీ" అన్నది. చలికాలానికి జాకెట్లు వదులయ్యాయి, బీపీ దిగింది. సన్నగా ఎప్పుడూ కాలేదు కానీ, మోకాళ్లు నా మాట వినడం మొదలుపెట్టాయి.

ఆమె ఊరికి పోయే ముందు ఒక పొద్దున ఆదోని కోట కొండ ఎక్కాం. అత్త కుచ్చిళ్లు ఎగదోపుకుని, చిన్నబిడ్డను ఎత్తుకుని ముందు నడిచింది. నేను వెనకబడ్డాను. తొందరగా రమ్మని ఆమె పిలవలేదు. ఒక బండ మీద, పక్కన నాకు చోటు వదిలి కూర్చున్నది. కింద మిల్లు గొట్టాల పొగ చూస్తూ, గాలికి ఎగిరే కొంగును బిడ్డ తల మీదికి లాగుతూ.