కమ్మీకి చుట్టిన గంజినూలు

మా నాయన కాల్లోకి ఉక్కు కమ్మీ ఒక పక్క దూరి ఇంకో పక్కకు వచ్చి ఉండేదని చెబితే, మా అత్త ఇప్పటికీ "పోమ్మే, మనిషిని అట్ల గుచ్చుతారా యాడన్నా?" అని నవ్వుతుంది. నవ్వనీ. చూసినదాన్ని నేను.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఎనిమిదితో బడి మానేసి ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. ఆడి కృత్తిక పండుగనాడు తిరుత్తణి బజారులో, కావడి మోసుకొస్తున్న ముసలాయన్ను తప్పించబోయి నాయన నూలు మూటతో, సైకిలుతో సహా కాలవలో పడ్డాడు. తొడ ఎముక విరిగింది. తిరువళ్ళూరు ఆసుపత్రిలో మోకాలి కింద కమ్మీ గుచ్చి, దానికి తాడు కట్టి, మంచం చివర బరువు వేలాడదీశారు. విరిగిన ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కకుండా ఆ బరువు లాగి పట్టాలట. ఎక్కితే కాలు పొట్టిదైపోతుంది. నాయనది గుంట మగ్గం. గుంటలో కూర్చుని రెండు కాళ్ళతో కర్రలు తొక్కాలి. ఒక కాలు అందకపోతే ఇక మగ్గం లేనట్టే.

అమ్మ చిన్నపిల్లలతో ఇంట్లో, నేను నాయన దగ్గర. కమ్మీ చర్మంలోకి పోయే చోట రెండు వైపులా నర్సక్క టించరులో తడిపిన గాజుగుడ్డ చుట్టేది. రెండు రోజులకోసారి మార్చేది. అంతా అరవం మాట్లాడే ఆ ఆసుపత్రిలో ఆమెదీ మన తెలుగే.

"ఆ మందు ఎందుకక్కా?" అని అడిగాను.

"ఇనుమును ఎంత ఉడకబెట్టినా, కంటికి కనపడని పురుగులు దాన్ని పట్టుకోని లోపలికి నడిచిపోతాయి పాపా. ఈ మందుగుడ్డ వాకిట్లో కావిలి. తాకొద్దు."

"మా ఇంట్లో జరీ ఉండాది, అది చుట్టమ్మా. పెండ్లికొడుకు మాదిరి పండుకుంటా," అన్నాడు నాయన.

తాకకుండా ఉంటే ఎంత బాగుండేది! ఆ గాజుగుడ్డ నేత చూస్తే నా చేతులు ఊరుకోలేదు. వదులు పోగులు, పీలికల అంచు. ఒక శనివారం అది జారిపోయింది. మా వీధిలో ఏది తెగినా, ఏది ఊడినా గంజి పట్టించి ఆరబెట్టిన పడుగు నూలుతోనే కడతారు. గంజి లేనిదే పోగు నిలవదని పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. అమ్మ సంచికి కట్టి పంపిన నూలు విప్పి, జారిన గుడ్డ పారేసి, రెండు వైపులా దగ్గరదగ్గరగా కండె చుట్టినట్టు చుట్టాను. ఎంత ముద్దొచ్చిందో! నాయన కూడా "చెయ్యి కుదిరిందే నీకు" అన్నాడు.

సోమవారం నర్సక్క దుప్పటి ఎత్తి ముక్కు మూసుకుంది. కమ్మీ చుట్టూ ఎర్రటి వాపు, చీము.

"ఎవురు చుట్టినారు దీన్ని?"

"నేనే చుట్టుకుంటిని," అన్నాడు నాయన, నా వైపు చూడకుండా.

"పండుకున్నోడివి, చెయ్యి అందిందా నీకు? అబద్ధం కూడా సరిగా నేసేకి రాదే!"

"నేనే అక్కా," అన్నాను. "గంజి పెట్టిన నూలు, గట్టిగా ఉంటాదని..."

"గంజా! మేము పురుగుల్ని చంపేదానికి మందు పెడితే, నువ్వు వాటికి కూడు పెట్టినావు గదమ్మే! సుమ్మా, చెయ్యి పెట్టకుండా ఉండేది తెలీదా నీకు?"

డాక్టరు వచ్చి చూశాడు. చీము ఎముకలోకి దిగితే కమ్మీ తీసేయాల్సిందే, మూడు రోజులు చూద్దామన్నాడు. కమ్మీ తీస్తే బరువు లేదు. బరువు లేకపోతే కాలు లేదు.

నర్సక్క నన్ను తరిమేస్తుందనుకున్నాను. అలా చేయలేదు. మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, పళ్ళెం పట్టుకోమంది. ఆమె టించరుతో తుడుస్తుంటే నాయన తువ్వాలు కొరుక్కుంటూనే, "ఏడుస్తావేందే? కాలు నాదా, నీదా?" అన్నాడు.

మూడో రోజు డాక్టరు వేలితో నొక్కి చూశాడు. చీము రాలేదు. కమ్మీ ఉండనీ అన్నాడు.

రెండు నెలలు దాటాక ఇంటికొచ్చాం. ఇంకొన్నాళ్ళకు నాయన గోడ పట్టుకుని వెళ్ళి గుంటలోకి జారి కూర్చున్నాడు. ఎడమ కాలు పుల్లలా సన్నబడింది. నేనూ అమ్మా వంగి చూశాం. పాదం కర్రకు ఆనింది. కర్ర కిందికి దిగింది.

జానెడు నేశాడు. ఇక చాలన్నాడు గానీ పైకి లేవలేకపోయాడు.

"తొక్కేది తొక్కినావు సరే, రేపటిదాకా ఆడనే ఉంటావా సామీ?" అంది అమ్మ.

ఇద్దరం చెరో రెక్క పట్టి లాగాం. నవ్వు ఆగక చేతులు జారిపోయి, మళ్ళీ గుంటలోనే కూలబడ్డాడు.