చదవకుండా రాసిన జవాబులు

నా చిన్నప్పుడు మా బూర్గంపాడులో, ఇంగ్లీషు రాకపోయినా ఇంగ్లీషు పాస్ చేయించే మహానుభావుడు ఒకాయన ట్యూషన్ చెప్పేవాడు. ప్యాసేజీ చదవడం శుద్ధ దండగ అనేది ఆయన సిద్ధాంతం. ప్రశ్నలో ఉన్న పెద్ద మాట పట్టుకో, ప్యాసేజీలో అది ఎక్కడుందో వెతుకు, ఆ వాక్యం ఫుల్‌స్టాపు దాకా దించెయ్యి. అంతే. ఈ ఘనకార్యానికి ఆయన పెట్టిన పేరు టెక్నిక్. ముక్క అర్థం కాకపోయినా మార్కులు పడుతున్నాయి గనుక ఊరు ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది.

నాకప్పుడు పదో తరగతి. ఇంగ్లీషు తప్పితే బడి మాన్పించి మిరప చేలోకి పంపుతానని మా నాన్న తెగేసి చెప్పాడు. దాంతో నేనూ ఆ టెక్నిక్‌కే దండం పెట్టాను. పక్కింటి అక్కకు మాత్రం ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. ఆమె అడవిలోని కోయగూడెం నుంచి వచ్చి, మా పక్కన కిరాయికి ఉంటూ, చిన్నబడిలో పాఠాలు చెప్పేది. సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు కథ మొత్తం చదివించి, ఎవరు ఏం చేశారో, ఎందుకు చేశారో తెలుగులో చెప్పమనేది. నాకది చాదస్తంగా తోచేది.

ఒకరోజు ఆమె నా చేతిలో ఒక కాగితం పెట్టింది. అక్షరాలు తెలుగువే గానీ భాష వాళ్ళ కోయ భాష. కింద ప్రశ్నలూ అందులోనే.

"మీ సారు చెప్పినట్టు రాయి, చూద్దాం" అంది.

నాకు కోయ ఒక్క ముక్క రాదు. అయినా మాటకు మాట కలిపి చకచకా దించేశాను. ఆమె దిద్దింది. అన్నీ ఒప్పే. నేను ఎగిరి గంతేశాను.

"గెలిచినవ్ గదా. ఇప్పుడు చెప్పు, ఏమున్నది దీంట్ల?"

"ఏమో!" అని నవ్వాను.

అక్క ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి తెలుగులో చెప్పింది. "నాకు బదిలీ అయింది. రేపు పొద్దుగాల్నే చర్ల బస్సెక్కుతున్న. పక్కింటి పిల్లకు చెప్పనీకి నోరు వస్తలేదు."

ఆ మాటలన్నీ నేనే గుండ్రంగా రాసి, నవ్వుతూ ఆమె చేతికిచ్చాను. ఏడుపు ఆగలేదు.

"ఏడువకు. పరీక్షల గూడ గిట్లనే ఎవలో ఏదో చెప్తుంటరు. ముందుగాల అది ఇను. ప్రశ్నల సంగతి తర్వాత" అంది అక్క.

ఆ ఏడు ప్యాసేజీలో లేని మాటలతో ప్రశ్నలు వచ్చాయి. సారు శిష్యులు చివరి గంట కొట్టేదాకా వెతుక్కుంటూనే కూర్చున్నారు. నేను చదివింది నా మాటల్లో రాసి బయటపడ్డాను, మిరప చేను తప్పింది. సారు మాత్రం పేపరే తప్పుగా ఇచ్చారని తేల్చాడు. ఆ పాస్ వార్త చెప్పడానికి పక్కింట్లో అక్క లేదు.

ఇప్పుడు మేముంటున్న ఖానాపురం హవేలి ఊళ్ళో మా మనవరాలి కోచింగ్ వాళ్ళు అదే దిక్కుమాలిన టెక్నిక్‌ను రంగుల కాగితం మీద అచ్చేసి అమ్ముతున్నారు. టైం కలిసొస్తుందట! కలిసొచ్చిన టైంతో ఏం చేస్తారో వాళ్ళకే తెలియాలి. నేను మాత్రం ఏ కాగితం చేతికొచ్చినా, అందులో నావాళ్ళెవరో వెళ్ళిపోతున్నారేమోనని చివరిదాకా చదువుతాను.