జహంగీర్ సార్ చెప్పకుండా పోయిన తెర

దేవరకొండ నుంచి వచ్చి నల్గొండ బస్టాండులో దిగి, నేరుగా మా కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి వెళ్లాను. షట్టరు మూసి ఉంది. పక్కన చాయ్ హోటలాయన, "సార్ పోయిండు, నీకు ఎరుక లేదా?" అన్నాడు. ఎక్కడికని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జన్మలో అడిగి ఉండను. గుండెనొప్పి వచ్చి, దవాఖాన చేరకముందే జహంగీర్ సార్ కన్నుమూశారట. పక్షం గడిచినా నా బుద్ధి ఆ వార్తను అంగీకరించడం లేదు.

కంప్యూటరును చెప్పులు విప్పి, చలిగదిలో దూరం నుంచి దర్శించుకునే ఆ రోజుల్లో, సార్ మమ్మల్ని చెప్పులతోనే లోపలికి రమ్మనేవారు. "దుమ్ము తుడిస్తే పోతది. భయం పడ్డదంటే పోదు," అనేవారు. నాకు విద్యాదానం చేసి, తర్వాత తన పక్కనే కొలువిచ్చిన గురువర్యుడు ఆయన.

అంతటి ధీమంతుడు ఒక్క విషయంలో మాత్రం ఊగిసలాడారు. మా చేనేత సంఘానికి చిటికి డిజైన్ల ప్రోగ్రాం రాయడానికి ఒప్పుకున్నాం. చిటికి అంటే నేయకముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి, రంగులో ముంచడం. ఎక్కడెక్కడ కట్టాలో తెర మీద గళ్లలో కనబడాలి. ఆ తెరను దేనితో తయారుచేయాలన్నదే చిక్కు. నల్లతెర డాస్‌లో చేస్తే సంఘంలోని పాత కంప్యూటరు మీద కూడా కీబోర్డు మీటలతో చకచకా నడుస్తుంది, కానీ రంగులు కొద్ది. విజువల్ బేసిక్‌తో విండోస్‌లో చేస్తే రంగులు కళకళలాడతాయి, పాత యంత్రానికి మాత్రం ఆయాసం. సి భాషలో ప్రతి గడినీ మేమే కట్టుకుంటే తేలికగా నడుస్తుంది గానీ, పూర్తయ్యేసరికి మేము ముసలివాళ్లమవుతాం.

మొదటి రెండింటి నమూనాలు సార్ మా చిన్నమ్మ అండమ్మకు చూపించారు. చిటికి కట్టేది ఆమే. "చేతుల నిండ రంగుంటది సారూ, గా మౌసును ఎట్ల పట్టాలె? మీటైతే మోచేత్తోనన్న నొక్కుత," అంది. సార్ ముఖం వెలిగింది, డాస్ ఖాయమన్నారు. అంతలో ఆమె కొడుకు శ్రీశైలం అందుకున్నాడు. "గీ నల్లతెర ముందల నేను కూసోను సార్. రంగులు మంచిగ కనవడితేనే మగ్గం మీద ఉంట. లేకుంటే పట్నం పోత." సార్ విండోస్ ఖాయమన్నారు. చాయ్ వచ్చేసరికి సి భాషే నయమన్నారు.

నాకు ఒళ్లు మండింది. "సార్, ఏదన్న ఒకటి చెప్పుండ్రి. నా తల తిరుగుతాంది."

"ఇద్దరు సరిగ్గనే చెప్తున్నరు, గదే నా ఫికర్," అన్నారు. "మనం ఒక్కసారి చేసి ఇడుస్తం. ఆళ్లు రోజూ చూడాలె."

నేను దేవరకొండకు బయలుదేరే ముందు ఆయనే పిలిచి, "తేల్చిన. నువ్వు రాంగనే చెప్త," అన్నారు. అప్పుడే ఎందుకు అడగలేదా అని నన్ను నేను తిట్టుకోని పూట లేదు. ఆయన కంప్యూటరంతా వెదికాను. మూడు రకాల ప్రోగ్రాములూ సగం సగం రాసి ఉన్నాయి. ఏది ఆయన మాటో ఎట్లా తెలుసుకోను?

తర్వాత సంఘం సమావేశం జరిగింది. ఒక పక్క చిన్నమ్మ, ఒక పక్క శ్రీశైలం. అధ్యక్షుడు యాదగిరి, "సార్ ఏది ఖాయం జేసిండు? ఆయన మాటనే మా మాట," అన్నాడు. నేను ఏది చెప్పినా ఒప్పుకునేవాళ్లే.

"నాకు చెప్పలే," అన్నాను.

చిన్నమ్మే, "మరి నువ్వే చెప్పు బిడ్డా," అంది. శ్రీశైలం ముఖం చూశాను. విండోస్‌లోనే చేస్తానని, చిన్నమ్మ కోసం మీటలూ పెడతానని చెప్పాను. పాత యంత్రం ఆ బరువు మోస్తుందో లేదో తెలియదు. సార్ తేల్చింది ఇదేనో, దీనికి పూర్తిగా విరుద్ధమో కూడా తెలియదు.

నిష్కల్మషమైన ఆ విద్యామూర్తికి మనసులోనే మొక్కి పని మొదలుపెట్టాను. ఆయన లోటు పూడ్చడం నావల్ల కాదు, మా జిల్లాలో ఎవరివల్లా కాదు. నిన్న తెర మీద మొదటి డిజైను కనబడింది. బాగుందో లేదో నాకు తెలియడం లేదు. సార్ చూస్తే కదా నాకు తెలిసేది.