వేపనూనె మాత్రమే

నాకు జపనీస్ వచ్చని గుంటూరు బ్రాడీపేటలో మా వీధి వీధంతా తెలుసు. నేనే చెప్పుకున్నాను మరి. మంగళగిరిలో ఉద్యోగం ఆ భాష పుణ్యమే, ఇంట్లో పెత్తనం కూడా ఆ భాష పుణ్యమే. ఆ గొప్పంతా ఒసాకాలో ఒక్క రాత్రితో దిగిపోయింది.

పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో నలభై మంది మిరప రైతులు కలిసి, ఒసాకాలో మసాలాలు తయారుచేసే కంపెనీకి ఎండుమిర్చి అమ్ముదామనుకున్నారు. మొదటి కోత అయ్యాక వాళ్ళ తరఫున ఒక పెద్దాయన బయలుదేరారు, ఆయన మాట ఇటూ అటూ చేరవేయడానికి నేను. అరవై దాటిన మనిషి. నన్ను అమ్మాయ్ అనేవారు, నేను బాబాయ్ గారు అనేదాన్ని. కోతకు నెల ముందు నుంచీ చేలో పురుగుమందు కొట్టకూడదన్నది కంపెనీ పెట్టిన ముఖ్యమైన షరతు.

పగలంతా ఆఫీసులో కాగితాలతో సరిపోయింది. రాత్రి పదింటికి కంపెనీ పెద్ద మమ్మల్ని ఇజకాయాకి తీసుకెళ్ళాడు. తాగుతూ, చిన్న చిన్న పళ్ళేల్లో తెప్పించుకుని తింటూ, కబుర్లు చెప్పుకునే చోటు అది. తలుపు తీయగానే వంటవాళ్ళందరూ ఒక్క గొంతుతో రండి రండని కేక పెట్టారు.

"ఏందమ్మాయ్, మనమేమన్నా తప్పు చేశామా?" అని బాబాయ్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

లోపల బొగ్గుల మీద కోడిముక్కలు కాలుతున్న పొగ, టైలు వదులు చేసుకున్న ఆఫీసు మనుషుల నవ్వులు. ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోవడం అక్కడ మర్యాద కాదు, పక్కవాళ్ళు నింపాలి. బాబాయ్ గారు తాగరు కాబట్టి బార్లీ టీ తెప్పించారు. ఉప్పు చల్లిన సోయా కాయలు ఒలుచుకుంటూ, "మన ఉడకబెట్టిన కందికాయలే గదా ఇయ్యి" అని ఆయన రెండు గిన్నెలు ఖాళీ చేశారు. నాకూ హాయిగానే ఉంది. పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు కంపెనీ పెద్ద నవ్వుతూనే అడిగాడు, ఆఖరి నెలలో మందేమైనా కొట్టాల్సి వచ్చిందా అని. నేను తెలుగులో చెప్పాను. బాబాయ్ గారు చేతిలో కాయ పక్కన పెట్టారు.

"కొట్టానమ్మా. కోత పది రోజులుందనగా ఒక్కసారి. తామరపురుగు పూతంతా తినేస్తంటే గట్టు మీద కూర్చుని చూడలేకపోయా. నా ఒక్కడి చేలోనే. మిగతావాళ్ళు కొట్టలా. నా సరుకు వద్దంటే తీసెయ్యమను. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నలభై కుటుంబాల పంట ఈ ఒక్క మాటతో మునిగిపోతుందనిపించింది. ఆయన అమాయకుడనీ, లోకం తెలిసినదాన్ని నేననీ అనిపించింది. నోరు దానంతటదే కదిలింది.

"వేపనూనె మాత్రమే కొట్టారట," అన్నాను జపనీస్‌లో.

కంపెనీ పెద్ద గ్లాసు దించి, నడుము దాకా వంగి నమస్కరించాడు. రెండు చేతులతో సీసా పట్టుకుని బాబాయ్ గారి గ్లాసులో టీ నింపాడు. బాబాయ్ గారి కళ్ళు చెమర్చాయి.

"చూశావా, తప్పు ఒప్పుకుంటే ఎంత మర్యాద చేశాడో! మనవైపైతే ఈపాటికి లేచి ఎళ్ళిపోయేవోళ్ళు," అన్నారు నాతో.

నా పళ్ళెంలో ఉన్నది నేనిక తినలేకపోయాను. అయినా నోరు విప్పలేదు. ఇప్పటికీ నన్ను కోసేది ఆ అబద్ధం కంటే ఈ మౌనమే.

సరుకు ఎక్కించే ముందు రైతువారీగా మిర్చి నమూనాలు పంపాం. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. పరీక్షలో బాబాయ్ గారి మిర్చిలో పురుగుమందు బయటపడిందట. ముప్పై తొమ్మిది మంది సరుకు తీసుకుంటారట. ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పిన మనిషి సరుకు మాత్రం ఇకపై ఎన్నడూ ముట్టుకోరట. అంటే నిజం చెప్పి ఉన్నా మిగతావాళ్ళకు ఏ నష్టమూ జరిగేది కాదు. నేను కాపాడింది ఎవరినీ కాదు. ఒక మనిషి పరువు మాత్రం తీశాను.

సంగతి తెలిసి బాబాయ్ గారు ఫోన్ చేశారు. "ముందే చెప్పాం గదమ్మా. మరి అబద్ధమంటారేంది? కనుక్కో." వారం రోజులు ఏవో సాకులు చెప్పాను. ఎనిమిదో రోజు ఉండలేక, పొద్దున్నే పర్చూరు బస్సెక్కాను.

ఆయన కళ్ళంలో మిర్చి తిరగేస్తున్నారు. నిలబడే మొత్తం చెప్పేశాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. చేతులు తుడుచుకుని, "ఆయనకి చెప్పు. నా ముందే చెప్పు," అన్నారు.

కంపెనీ పెద్దకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. అబద్ధం నాదని, బాబాయ్ గారు నిజమే చెప్పారని, మాట మార్చింది నేనని, ఏమీ దాచకుండా జపనీస్‌లో చెప్పాను. తర్వాత కంపెనీ పెద్ద మెల్లగా రెండు మాటలన్నాడు.

"మిమ్మల్ని అపార్థం చేసుకున్నందుకు క్షమించమంటున్నారు, బాబాయ్ గారూ," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. కోపంగా కాదు, వెతుకుతున్నట్టు.

"నాకేం అర్థం కాలేదమ్మాయ్," అన్నారు. "ఇప్పుడు కూడా నీ మాటే నమ్మాలి గదా."