వంటింటి గోడలో మూసేసిన తలుపు

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ నగర కౌన్సిల్ ఉద్యోగం నుంచి రిటైర్ కావడానికి ముందు సంవత్సరం, మార్చి నెలలో, పది రోజుల పనిమీద అట్లాంటిక్‌లోని బెర్ముడా దీవికి వెళ్లాను. పాత ఇళ్లను కాపాడే అక్కడి ఒక ట్రస్టు అడిగితే కౌన్సిల్ నన్ను పంపింది. నేను యాక్సెస్ ఆఫీసర్‌ని. నడవలేనివాళ్లు, చూపు లేనివాళ్లు ఒక భవనంలోకి ఎవరి సాయమూ లేకుండా వెళ్లి రాగలరా అని కొలిచి చెప్పడం నా పని.

చూడవలసింది, అజోర్స్ దీవుల నుంచి పొలం కూలికి వచ్చిన ఒక పోర్చుగీసు రైతు తర్వాత తానే కట్టుకున్న ఇల్లు. ఇప్పుడది మ్యూజియం. సున్నపురాయి గోడలు, మెట్లలా పేర్చిన రాతిపలకల కప్పు, దాని మీద తెల్లటి సున్నం. కప్పు మీద పడిన వాన గాడి వెంట జారి నేల కింది తొట్టెలోకి చేరుతుంది. నదులు లేని ఆ దీవిలో వాళ్ల తాగునీరు అదే. ముందు వైపు ఏడు మెట్లు, కిందికి వచ్చేకొద్దీ చేతులు చాచినట్టు వెడల్పవుతాయి. అంత అందమైన మెట్లు నా సర్వీసులో చూడలేదు. వీల్‌చెయిర్‌కు మాత్రం ఏమాత్రం పనికిరావు.

మా నిబంధనల ప్రకారం, ర్యాంపు ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలి. ఏడు మెట్ల ఎత్తుకు అది నలభై అడుగులు దాటుతుంది. ముందు అంత చోటు లేదు, మెట్లు సగం కొట్టేయాలి. అందుకు ట్రస్టు ఒప్పుకోదు, నాకూ మనసు రాలేదు. సాధ్యం కాదని రాస్తే, వీల్‌చెయిర్‌లో వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగిపోతారు.

ఇంటిని చూసుకునే మరియా డెబ్బై దాటిన మనిషి, ఆ రైతు మనవరాలు. మూడో రోజు వంటింట్లో కొలతలు తీస్తుంటే వెనక గోడకు ఒకచోట సున్నం నునుపు వేరుగా కనిపించింది. తట్టి చూస్తే చప్పుడూ తేడాగానే ఉంది. ఇక్కడేముండేదని అడిగాను. ఆమె వచ్చి ఆ చోట అరచెయ్యి ఆనించింది.

"మా నాన్నమ్మ తలుపు," అంది. "ఆమెకు కాళ్లు పడిపోయాక తాత పెట్టాడు. కుర్చీకి తోపుడు బండి చక్రాలు బిగించి, రోజూ సాయంత్రం తోటలోకి తీసుకెళ్లేవాడు. అది ఇల్లు కట్టినప్పటిది కాదని ట్రస్టువాళ్లు మూసేశారు."

మీరు చెప్పలేదా అన్నాను.

"నన్నెవరూ అడగలేదు."

ఇల్లు కొండవాలు మీద ఉంది కాబట్టి వెనక నేల దాదాపు వంటింటి ఎత్తున ఉంటుంది. ఇద్దరం వెళ్లి పారతో గడ్డి తీస్తే రాళ్లు పరిచిన బాట బయటపడింది. మట్టం పెట్టాను. పద్నాలుగు అడుగులకు ఒక అడుగు వాలు. నమ్మకం కుదరక మరో రెండుసార్లు కొలిచాను. తలుపు ఆనవాలు వెడల్పు మూడడుగులకు ఒక అంగుళం తక్కువ, మా నిబంధనల పుస్తకం అడిగేదానికన్నా ఎక్కువే. ఏ నిబంధనా లేని రోజుల్లో, ఒక్క మనిషి కోసం, ఆ రైతు అంత సరిగ్గా కట్టాడు.

ఆ సాయంత్రం ఫోన్లో మా ఆయనకు ఇదంతా చెప్పి, ట్రస్టుతో వాదన తప్పేలా లేదన్నాను. ముప్పై ఏళ్లుగా షెఫీల్డ్‌లో ఉన్నా ఆయనది వరంగల్ మాటే.

"నువ్వు పోయింది కొలతలు తీసుకోనీకి. కొట్లాడనీకి కాదు," అన్నారు.

తిరుగు ప్రయాణానికి ముందు మరియాతో కలిసి ట్రస్టు కమిటీ ముందుకు వెళ్లాను. చైర్మన్ మర్యాదస్తుడు. ఇంటిని కట్టిననాటి రూపంలో నిలపడం తమ నియమమని, తర్వాత చేరిన వాటిని అందుకే తీసేశామని చెప్పారు. ఆ నియమం నాకూ తెలుసు, చాలాచోట్ల దాన్ని నేనే సమర్థించాను. కొలతలు చదివి, మరియా మాట వినమని కోరాను. తనిఖీకి వచ్చిన అధికారి అలా ఒక సాక్షిని వెంట తేవడం మామూలుగా జరగదు.

"ముందు మెట్లు కట్టిన చేతులే ఆ తలుపూ పెట్టాయి," అంది మరియా. "మెట్లు ఉంచి, తలుపు మూశారు."

చైర్మన్ ఆ మాట రాసుకున్నారు. ఆరు నెలల తర్వాత, ఆ తలుపు మళ్లీ తెరవడానికి ఆమోదం వచ్చింది. ముందు మెట్ల మీద చెయ్యి పడలేదు. సందర్శకులందరూ ఇప్పుడు వెనక బాట వెంటే, తోట చూసుకుంటూ లోపలికి వెళుతున్నారని మరియా ఉత్తరం రాసింది.

ఆ తర్వాత ఏ పాత ఇంటికి వెళ్లినా, ఇక్కడ నడవలేకపోయినవాళ్లు ఎవరు, వాళ్లు ఎలా తిరిగేవారు అని ముందుగా అడిగేదాన్ని. చాలాచోట్ల జవాబు దొరికేది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే అడగవలసిన ప్రశ్న అది.