క్యాసెట్‌లో రెండో దగ్గు

దయ్యాలంటే నమ్మే మనిషిని కాను. పాలాయన కొలతనే రెండుసార్లు చూసుకునేవాణ్ణి, ఇక దయ్యాలా! మైదుకూరులో బోరు మోటార్లు బాగుచేస్తాను. చప్పుడొస్తే దానికో కారణం ఉండి తీరుతుంది.

మా అన్నకు కర్నూలులో చదివేటప్పుడు ఒక ఇంగ్లీషు రాక్ ఆల్బమ్ పిచ్చి పట్టింది. మేం పుట్టకముందటి పాటలవి. స్నేహితుడి క్యాసెట్ తెచ్చి, ఇంట్లో రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి రికార్డు చేసుకున్నాడు. నాలుగో పాట మధ్యలో ఆయన దగ్గు కూడా పడింది. ఏముందన్నా ఆ గోలలో అంటే, “ఎన్నితూర్లు విన్నా యాడో ఒక కొత్తది తగుల్తాది లేరా” అనేవాడు.

సీడీలొచ్చి క్యాసెట్లు మూలపడే రోజుల్లో అన్న పోయాడు. వదిన మాత్రం రోజూ బువ్వ తిన్నాక ఆ క్యాసెట్ పెట్టుకునేది. ఇంగ్లీషు ముక్క రాదు. ఆ దగ్గు కోసమే. ఆయన గొంతని మాకు మిగిలింది అదొక్కటే.

దాన్ని చెరిపింది నేనే. ఇంట్లో అయ్యప్ప భజన జరుగుతుంటే, పేరు రాయని క్యాసెట్ కనబడింది. ఎవరూ చెరపకుండా మా అన్న క్యాసెట్ అంచున పలక విరిచి చేసిన బొక్కకు కాగితం అంటించి మరీ రికార్డు చేశాను. అది అన్న క్యాసెట్ అని మర్నాడు గానీ గుర్తుపట్టలేదు.

వదినకు చెప్పే ధైర్యం లేదు. కర్నూలుకు పోయి, ఒక క్యాసెట్ల షాపులో సీడీ నుంచి అదే ఆల్బమ్‌ను అదే క్యాసెట్ మీదికి ఎక్కించుకొచ్చాను. దగ్గరుండి చూశాను. వైరు తప్ప మైకే లేదక్కడ.

మర్నాడు మధ్యాహ్నం వదిన పెట్టుకుంది. నేను వాకిట్లో మోటారు విప్పుతూ ఆమె ముఖమే చూస్తున్నా. నాలుగో పాటకు ఆమె కళ్లు తుడుచుకుంది. పట్టుబడ్డాననుకున్నా.

“ఏమప్పా, ఈ పొద్దు రెండుతూర్లు దగ్గినాడే మీయన్న” అంది.

నన్ను పరీక్షిస్తోందనుకున్నా. ఆమె బట్టలారేయడానికి పోగానే వెనక్కి తిప్పి విన్నా. దగ్గు ఉంది. పాతదేదో అడుగున మిగిలిందేమో అనుకునేలోపే ఇంకో దగ్గు. అదీ అన్నదే. అది నేనెప్పుడూ వినలేదు. షాపాయన్ని అనుమానించా. సిగ్గులేకుండా వదిననూ అనుమానించా. ఆమె మాత్రం యాడి నుంచి తెస్తుంది?

వారం తర్వాత తట్టుకోలేక చెరిపిన సంగతి చెప్పి ఏడ్చేశాను.

“నాకు తెలుసులేప్పా. నువ్వు కర్నూలుకు పోకముందే భజన విన్నా. అందుకే కదా ఆ పొద్దు మళ్లీ దగ్గు వినపడేసరికి ఏడుపొచ్చింది” అంది.

ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. మళ్లీ ఆ క్యాసెట్ ముట్టుకోలేదు. వదిన మాత్రం వింటూనే ఉంది. మూడోసారి దగ్గాడా అని నేను అడగను.