ముందు తిన్న ముక్క

అమ్మ పోయాక మొదటిసారి కొల్లాపూర్ బస్సెక్కాను. పక్క సీట్లో బుర్ఖా వేసుకున్న ముసలామె నన్నే చూస్తోంది. గొలుసు కనపడకుండా కొంగు కప్పుకున్నాను. బస్సుల్లో మత్తుమందు కలిపినవి తినిపించి దోచుకుంటారని ఆ రోజుల్లో అందరూ చెప్పుకునేవారు.

జడ్చర్ల దాటగానే ఆమె ఒళ్లోని మూట విప్పి జొన్నరొట్టె చాపింది.

"తిను బిడ్డా."

"వద్దవ్వా, ఆకలి లేదు."

"నెత్తికి నూనె లేదు, పెదవులు ఎండినయి. ఇంట్ల ఎవలు పోయిండ్రు?"

నా అనుమానం ఇంకా పెరిగింది. "నీకెవరు చెప్పిండ్రు?" అన్నాను.

"ఎవలు చెప్తరు? మా చెల్లె పెనిమిటి పోయిండు. చావైన ఇంట్ల మేం పొయ్యి ముట్టియ్యం, చుట్టాలమే వండుకపోతం. గీ రొట్టెలు గందుకే."

అయినా నేను ముట్టుకోలేదు. ఆమె రొట్టె తుంచి, ముందు తానొక ముక్క నమిలి, మిగతాది నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగింది.

ఇప్పుడు చావు ఇళ్లకు నేనూ రొట్టెలు పట్టుకెళ్తాను. మొదటి ముక్క నేనే తింటాను. అక్కడ నన్నెవరూ అనుమానించరు. కానీ ఎదురుగా ఒకరు నమలందే, ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.